లేబుల్ మీద ఒక గడి ఖాళీ

ముందే ఒక మాట. నా తెలుగు గొప్పది కాదు. ఎల్‌కేజీ నుంచి టెన్త్ దాకా ఇంగ్లిష్ మీడియం. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్‌లో నేనూ ఒకడిని. ఈ క్లబ్బులో చేరింది కూడా రూమ్మేట్ లాక్కొస్తేనే. కాబట్టి "తెలుగును కాపాడుకుందాం" అని లెక్చర్ ఇచ్చే అర్హత నాకు లేదు. ఈ వ్యాసం దాని గురించి కాదు కూడా. ఇది ఒక మొక్క గురించి, ఆ మొక్కను అంటించిన కాగితం మీద ఖాళీగా మిగిలిపోయిన ఒక గడి గురించి. ఆ గడి ఖాళీగా ఉండటానికి కారణం నేనే.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. మన కొండల్లో మొక్కల నమూనాలు సేకరించే పని ఇంకా జరగాలి. ఫోన్ ఫోటోలు ఆ పనికి బదులు కావు. సేకరించిన ప్రతి మొక్క లేబుల్ మీద, ఆ ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో తెలుగు లిపిలో రాయాలి. ఎవరు చెప్పారో వాళ్ల పేరూ రాయాలి. ఇది బాటనీ వాళ్ల పని మాత్రమే కాదు, మన పని కూడా.

ఇదంతా మొదలైంది కొండ మీద కాదు, హాస్టల్ రూమ్‌లో. సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్టు కోసం డేటాసెట్ వెతుకుతుంటే కాగిల్‌లో 2022 నాటి హెర్బేరియం పోటీ కనబడింది. ఉత్తర అమెరికాకు చెందిన 15,501 రకాల మొక్కలు, దాదాపు 10.5 లక్షల ఫోటోలు. తోటల్లో తీసిన ఫోటోలు కావు అవి. ఎండబెట్టి, నొక్కి, మందపాటి తెల్ల కాగితం మీద అంటించిన మొక్కల ఫోటోలు. హెర్బేరియం అంటే అలాంటి షీట్ల లైబ్రరీ అని అప్పుడే తెలిసింది.

అసలు షీట్లు ఎలా ఉంటాయో చూద్దామని ఆన్‌లైన్లో వెతికాను. సాధారణంగా కింద కుడి మూలన ఒక లేబుల్ ఉంటుంది. రాష్ట్రం, కౌంటీ, ఏ వాగు ఒడ్డున, ఎంత ఎత్తులో, ఏ తేదీన, ఎవరు సేకరించారు, వాళ్ల నోట్‌బుక్‌లో ఇది ఎన్నో నంబరు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. అక్కడ మొక్కల మ్యాపులు కౌంటీల వారీగా ఉంటాయి. ఆ మొక్క దొరికిన కౌంటీకి రంగు వేస్తారు, మిగతాది ఖాళీ. ఎక్కడో ఒక కొండ కౌంటీలో ఒక మొక్క మొదటిసారి దొరికితే దాన్ని 'కౌంటీ రికార్డు' అని ప్రత్యేకంగా ప్రచురిస్తారు. మ్యాపు మీద ఇంకో గడికి రంగు పడుతుంది.

నాకు ఆసక్తిగా అనిపించింది రంగు పడని గడులు. ఖాళీ అంటే అక్కడ ఆ మొక్క లేదనా? కానక్కర్లేదు. రోడ్డు సరిగ్గా లేని కొండ ప్రాంతమైతే, అక్కడికి ఎవరూ వెళ్లి చూడలేదని కూడా అర్థం కావచ్చు. మన భాషలో చెప్పాలంటే జీరో వేరు, నల్ వేరు. ఈ తేడా తెలియకుండా మోడల్ ట్రెయిన్ చేస్తే అది తప్పులే నేర్చుకుంటుంది.

మా పిన్ని ఒక డిగ్రీ కాలేజీలో బాటనీ లెక్చరర్. ఫోన్ చేసి అడిగాను. "పిన్నీ, మన ఏజెన్సీ కొండలకు ఇలాంటి డేటా లేదా?"

"ఉందిరా. కొంత హౌరాలో ఉంది, కొంత కోయంబత్తూరులో, కొంత లండన్ పక్కన క్యూలో. మిగతాది కొండ మీదే ఉంది. దసరా సెలవులకు వస్తావా?"

అలా వెళ్లాను. పాడేరు దాటాక ఇంకా పైకి. 2022లో జిల్లాలు విడగొట్టాక అది అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన కొండ, దాదాపు 1,680 మీటర్లది, ఆ జిల్లాలోనే ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, దూరంగా పసుపు చేలు. అరకు రీల్స్‌లో మనం చూసేది ఇదే. కానీ పిన్ని కాఫీ తోట వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆవిడ చూపంతా వాగు గట్టు మీద, రాళ్ల సందుల్లో, గడ్డి మీద. చేతిలో ఫైలు, అందులో అటవీ శాఖ పర్మిషన్ లెటర్. "ఇది లేకుండా ఒక్క ఆకు కోసినా మనం సేకరించేవాళ్లం కాదు, దొంగలం" అంది.

పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే నేను దీన్ని చాలా తేలిగ్గా తీసుకున్నాను. స్కూల్లో పుస్తకాల మధ్య నెమలీకలు దాచుకోవడం లాంటిదే అనుకున్నా. కాదు. చిన్న మొక్కైతే వేరుతో సహా తీయాలి. చెట్టైతే పువ్వో కాయో ఉన్న కొమ్మ కావాలి. ఉత్త ఆకులుంటే చాలాసార్లు పేరు తేల్చడం కష్టం. పొడవు తీగైతే ఇంగ్లిష్ ఎన్ అక్షరంలా మడవాలి. ఒక ఆకునైనా తిరగేసి పెట్టాలి, అడుగు భాగం కనిపించడానికి. పాత న్యూస్‌పేపర్ మడతలో సర్ది, మధ్య మధ్య అట్టలు పెట్టి, రెండు చెక్క చట్రాల మధ్య బెల్టులతో బిగించాలి. అదే ప్రెస్. రోజూ తడి పేపర్లు తీసి పొడి పేపర్లు పెట్టాలి. కొండ మీద అక్టోబరులో కూడా జల్లు పడుతూనే ఉంటుంది. ఒక్కరోజు పేపర్లు మార్చకపోతే బూజు. మేము దిగిన ఇంట్లో పొయ్యి పక్కన తాడు కట్టి పేపర్లు ఆరేసేవాళ్లం. ఆ వంకన రెండేళ్ల కిందటి స్పోర్ట్స్ పేజీలన్నీ చదివేశాను.

కోసిన వెంటనే ప్రతి మొక్కకు దారంతో చిన్న చీటీ కట్టి నంబరు వేయాలి. అదే నంబరు నోట్‌బుక్‌లో. దాన్ని కలెక్టర్ నంబర్ అంటారు. కలెక్టర్ అంటే జిల్లా కలెక్టర్ కాదు, మొక్క సేకరించిన మనిషి. అన్నీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. నోట్‌బుక్‌లో పువ్వు రంగు, వాసన, తుంచితే పాలు వస్తాయా, చెట్టు ఎంత ఎత్తు, నీడలో ఉందా ఎండలోనా, అన్నీ రాయాలి. ఎందుకంటే ఎండాక పువ్వు రంగు చాలావరకు పోతుంది. వాసన పోతుంది. ఎత్తు ఎలాగూ షీటు మీదికి రాదు. మొక్కతో పాటు రానివన్నీ మాటల్లోనే రావాలి.

మొదటి రోజే పిన్నితో వాదించాను. "ఇంత కష్టం ఎందుకు పిన్నీ? మంచి కెమెరా, జీపీఎస్, ఒక యాప్. ఐదు సెకన్ల పని." ఒక గడ్డి మొక్కను ఫోటో తీసి యాప్‌లో పెట్టాను. సిగ్నల్ దొరికిన చోట మూడు ఫోటోలకు మూడు పేర్లు చెప్పింది. పిన్ని ఏమీ అనకుండా ఆ గడ్డి కంకిలోంచి ఒక గింజంత ముక్క తీసి, గోటితో విప్పి, భూతద్దం నా చేతికిచ్చింది. లోపల పొరలు, వాటి అంచున ముళ్లలాంటి నూగు. "గడ్డి పేరు తేల్చాలంటే ఇది చూడాలి. నీ ఫోటోలో ఇది విప్పగలవా?"

విప్పలేను. తేడా అదే. తీసినవాడికి ఆ రోజు ఏది ముఖ్యం అనిపించిందో అదే ఫోటోలో ఉంటుంది. ఎవరికీ ఇంకా తట్టని ప్రశ్నకు కూడా షీటులో జవాబు ఉండొచ్చు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణలు రెండు.

1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. అప్పట్లో తెగులు పట్టిన ఆకులను కొందరు నొక్కి దాచారు. డీఎన్ఏ అనే మాటే లేని కాలం అది. 2013లో శాస్త్రవేత్తలు ఆ ఎండు ఆకుల్లోంచి డీఎన్ఏ తీసి, ఆ కరువు తెచ్చిన తెగులు రకం ఏదో తేల్చారు.

రెండోది 1987లో. ఎఫ్.ఐ. వుడ్‌వర్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రెండు వందల ఏళ్ల నాటి నుంచి దాచిన చెట్ల ఆకులను మైక్రోస్కోపు కింద పెట్టి, గాలి పీల్చే రంధ్రాలను లెక్కపెట్టాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కొద్దీ ఆ రంధ్రాలు తగ్గుతూ వచ్చాయి, దాదాపు 40 శాతం. ఆ ఆకులు కోసినవాళ్లకు వాతావరణ మార్పు అనే ఆలోచనే లేదు. వాళ్లు చేసింది ఒక్కటే. ఆకు దాచారు, తేదీ రాశారు.

ఫోటోలు దండగ అనడం లేదు. 1943 మార్చిలో బాంబు దాడిలో బెర్లిన్ హెర్బేరియం తగలబడి లక్షల షీట్లు బూడిదయ్యాయి. అంతకు ముందే, 1929 నుంచి, మాక్‌బ్రైడ్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త యూరప్ హెర్బేరియంలు తిరుగుతూ ముఖ్యమైన షీట్లను ఫోటోలు తీశాడు. బెర్లిన్‌లో కాలిపోయిన చాలా నమూనాలకు ఇవాళ మిగిలింది ఆ ఫోటోలే. అంటే ఫోటో మంచి బ్యాకప్. కానీ బ్యాకప్ ఉండాలంటే ముందు ఒరిజినల్ ఉండాలి కదా. ఒరిజినలే లేకుండా బ్యాకప్ తీసుకుంటాం అనడం మన తరం తెలివి.

ఇక నా తప్పు దగ్గరికొస్తాను.

మూడో రోజు ఆ ఊరి తాత ఒకాయన మాతో వచ్చాడు. చేతిలో కత్తి, భుజాన తువ్వాలు. పిన్ని రెండేళ్లుగా ఆ ఊరికి వెళ్తోంది కాబట్టి పరిచయం ఉంది. నన్ను చూసి, "ఏటి బాబూ, పేపర్లో పడాల్సినోళ్లు మీరు గానీ, గడ్డిని పేపర్లో పెడతన్నారేటి?" అని నవ్వాడు. దారిలో ఏ మొక్క చూపించినా పేరు చెప్పేవాడు. తెలియనిదైతే తెలియదనే చెప్పేవాడు. మా యాప్‌కు లేని గుణం అది.

వాగు పైన ఒక బండ సందులోంచి పాకిన తీగ దగ్గర ఆగాడు. ఆకు అడుగున బూడిద రంగు నూగు, చిటికెన వేలి గోరంత తెల్ల పువ్వు. పిన్ని బండ మీద సగం వంగి కొమ్మ కత్తిరిస్తూ, "తాతగారూ, దీన్ని ఏమంటారు?" అని అడిగింది. ఆయన చెప్పాడు. రెండు మాటల పేరు. ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు, పశువులకు సంబంధించిన ఏదో కథ. పిన్ని అక్కడి నుంచే అరిచింది. "ఒరేయ్, పేరు రాసుకో!"

నా చేతులు తడిగా ఉన్నాయి. పెన్సిల్ బ్యాగులో ఎక్కడో అడుగున. ఇంకో నిజం కూడా చెప్పాలి, అప్పుడు నేను వాగును రీల్ తీస్తున్నా. ఫోన్ చేతిలోనే ఉంది కదా అని నోట్స్ యాప్ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేశాను. రాసేశాను పిన్నీ అన్నాను.

రాత్రి లాంతరు దగ్గర కూర్చుని నోట్‌బుక్ నింపుతుంటే పిన్ని ఆ పేరు అడిగింది. ఫోన్ తీశాను. మొదటి మాటను ఆటోకరెక్ట్ 'కోడ్' అని మార్చేసింది. కంప్యూటర్ సైన్స్ వాడి ఫోన్ కదా, దానికి తెలిసిన మాట అదే. నేను కొట్టింది కె, ఓ, డి, ఐ అని గుర్తుంది. "కోడి పిన్నీ" అన్నా.

"కోడా, కొడా? డ నా, ద నా?"

నోరు తిరగలేదు. కోడి, కొడి, కోది, కొది. నాలుగూ ఒకే నాలుగు ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లిపోయాయి. రెండో మాట ఎమ్, ఎ, ఎల్, ఐ. మలి, మాలి, మళి, మాళి, సరిగ్గా వినకపోయి ఉంటే మల్లి కూడా కావచ్చు. అన్నీ కలిపితే ఇరవై రకాలు. తాత నోట్లోంచి వచ్చింది వాటిలో ఒకటే. ఆ రాత్రి మా ఇద్దరికీ ఏదీ ఖాయంగా గుర్తు రాలేదు. తెల్లారి ఐదింటికి బస్సు. తాత ఇల్లు అవతలి గుట్ట మీద, ఆయనకు ఫోన్ లేదు.

సంక్రాంతి తర్వాత పిన్నితో మళ్లీ వెళ్లాను, ముఖ్యంగా దీనికోసమే. తాత కూతురింటికి ఒడిశా వైపు వెళ్లాడట, ఎప్పుడొస్తాడో తెలీదు. ఆయన మనవడు పాడేరులో ఇంటర్ చదువుతున్నాడు. ఫోటో చూపించి అడిగాను. "మేమైతే పిచ్చి తీగ అనేస్తాం అన్నా. పేర్లన్నీ తాతకే తెలుసు" అన్నాడు. అన్నా అని పిలిచినందుకు సంతోషించాలో, పిచ్చి తీగ అన్నందుకు బాధపడాలో తెలియలేదు. వాడిని ఏమనగలను? మా పెరట్లో మొక్కల పేర్లు నాకు తెలుసా? మా అమ్మమ్మను అడగాలి.

ఆ తీగ శాస్త్రీయ నామం పిన్ని పుస్తకాలు చూసి తేల్చేసింది. కొత్త జాతి ఏమీ కాదు. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వెలువడిన గేంబుల్ గారి మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలో ఉన్నదే. షీటు తయారైంది, లేబుల్ టైపు చేశాం. ఊరు, ఎత్తు, తేదీ, పువ్వు రంగు, నంబరు అన్నీ ఉన్నాయి. స్థానిక నామం అన్న గడి మాత్రం ఖాళీ. పిన్ని కావాలంటే కోడి ఏదో ఒకటి రాసేయొచ్చు. రాయలేదు. "తప్పు పేరు కన్నా ఖాళీ నయం. తప్పు పేరుంటే ఇంక ఎవరూ వెతకరు" అంది. నల్ విలువ తెలిసిన మనిషి.

ఇదంతా ఒక్క తీగ గురించి ఇంత గోల ఎందుకు అనొచ్చు. ఒక్క తీగ కాదు. సైన్సు దృష్టిలో 'కొత్తగా కనుగొన్న' చాలా మొక్కలు అక్కడివాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. తిరుమల కొండల్లో గుగ్గిలం ఇచ్చే ఒక బాస్వెల్లియా చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టింది 1961లో. అప్పటిదాకా ఆ చెట్టు బంక ఎవరూ వాడలేదా? కొండవాళ్ల దగ్గర పేరుంది, పుస్తకంలో లేదు. ఆ రెంటినీ కలిపే చోటే లేబుల్.

ఈ పని పూర్వం బాగానే జరిగింది. విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో మన సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది, 300 బొమ్మలతో. చాలా మొక్కలకు తెలుగు పేర్లు రాసిపెట్టాడు. కొన్నిటికి వాటి తెలుగు పేర్లే శాస్త్రీయ నామాల్లోకి ఎక్కాయి. సోయ్‌మిడా అనే ప్రజాతి పేరు మన సోమిద చెట్టు నుంచి వచ్చిందే. షోరియా తుంబుగయాలో రెండో మాట కూడా తెలుగువాళ్ల నోట విన్నదే. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరు రెండు వందల ముప్పై ఏళ్ల కిందట అడిగి రాసుకున్నాడు. నేను ఫోన్ చేతిలో పెట్టుకుని రాయలేకపోయాను.

అయితే ఆయన పద్ధతిలో కూడా రెండు లోపాలు ఉన్నాయనిపిస్తుంది. ఒకటి, ఆ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లాయి. సోమిద కాస్తా సోయ్‌మిడా అయింది. మనకు అసలు మాట తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని మాటలకు వెనక్కి వచ్చే దారి లేదు. రెండోది, ఆ బొమ్మలు గీసిన మన దేశపు చిత్రకారుల పేర్లు ఆ పుస్తకం మీద లేవు. పేర్లు చెప్పినవాళ్లవీ అంతే. కోసినవాడి పేరు ఉంటుంది, చూపించినవాడి పేరు ఉండదు. ఇవాళ్టికీ చాలా లేబుళ్ల మీద ఆ గడే ఉండదు.

తెలుగు లిపి అని పట్టుబట్టడానికి కారణం అభిమానం కాదు. అది ఈ పనికి సరిపోయే టూల్. త వేరు ట వేరు, ద వేరు డ వేరు, న ణ, ల ళ, కొ కో. ఇంగ్లిష్‌లో రాస్తే డేటా నష్టపోతుంది. కంప్రెస్ చేసి ఒరిజినల్ పారేసినట్టు. పద్నాలుగేళ్లు ఇంగ్లిష్‌లో చదివినవాడిగా ఇది ఒప్పుకోవడం నాకు కొంచెం ఇబ్బందే. నాకు తెలుగు టైపింగ్ రాదని కాదు, ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంది. వాడాలని తట్టలేదు. పేరు రాసుకో అంటే చెయ్యి దానంతటదే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది.

తెలుగు లిపి కూడా అన్నిటికీ చాలదు. ఆ కొండల్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల భాషల్లో మన అక్షరాలకు అందని ధ్వనులు ఉండొచ్చు. తాత చెప్పిన పేరు ఏ భాషదో కూడా నేను అడగలేదు. అందుకే పేరుతో పాటు అది ఏ భాష అన్నది రాయాలి, రెండు సెకన్ల ఆడియో తీసి దానికి ఆ షీటు నంబరే పెట్టాలి. ఆ రోజు రీల్ ఆపి రికార్డ్ బటన్ నొక్కి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. మొక్కలు పీకితే అడవికి నష్టం కదా? అజాగ్రత్తగా పీకితే నష్టమే. అందుకే ముందు పర్మిషన్. తర్వాత పిన్ని రూలు, చుట్టూ ఇరవై కనబడితేనే ఒకటి ముట్టుకోవాలి. అరుదైనవి అయితే ఫోటో తీసి వచ్చేయాలి. శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే సైకాస్ బెడ్డోమీ లాంటి దాని మీద ఎవరూ కత్తెర పెట్టకూడదు, అంతర్జాతీయ వ్యాపారం మీద కఠినమైన ఆంక్షలున్న జాబితాలో ఉంది అది. అక్కడ ఫోటోయే సరైన పద్ధతి, నేను ఒప్పుకుంటాను.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆదివాసుల జ్ఞానాన్ని మనం రాసుకుని వస్తే, రేపు ఏ కంపెనీయో దాన్ని వాడుకోదా? ఈ భయం ఊహ కాదు. 1995లో అమెరికాలో పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. అది రద్దవడానికి పనికొచ్చింది పాత రాతలే. అంటే రాయడం వల్ల ప్రమాదమూ ఉంది, రక్షణా ఉంది. నేను అనేది, పేరు రాద్దాం. మందు సంగతి చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్లు రాయమన్నంతే రాద్దాం. వాళ్ల పేరు వేయడం కూడా వాళ్లను అడిగాకే. వద్దంటే వద్దు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉన్నది ఇలాంటివాటికే, పిన్ని దగ్గర నేర్చుకున్న మర్యాద కూడా అదే.

మూడోది మన క్లాసులోనే వినిపించింది. "మామా, ప్లేస్‌మెంట్‌కు ఇదెందుకు పనికొస్తుంది?" నిజాయితీగా చెబుతున్నా, తెలీదు. కానీ రోజూ పది మంది కలిసి ఒకే అమెరికా డేటాసెట్ మీద అదే మోడల్ నడిపి 0.3 శాతం పెరిగిందని సంబరపడుతున్నాం. ఆ డేటాసెట్ ఉండటానికి కారణం ఎవరో కొండలెక్కి, తడి పేపర్లు మార్చి, పెన్సిల్‌తో లేబుల్ రాయడం. ఆ పని చేయకుండా వాళ్ల ఫలితం మాత్రం మనకు కావాలి. మన కొండలకు అలాంటి డేటా ఎవరు తయారుచేస్తారు? అమెరికా వాళ్లు వచ్చి చేయరు, చేసినా ద కు డ కు తేడా వాళ్లకు తెలియదు.

ఊరికే తిట్టి వదిలేయకుండా మనం చేయగలిగింది కూడా చెబుతాను. పెద్దవేం కాదు. హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలోనే దాదాపు 20 లక్షల షీట్లున్నాయి. బొటానికల్ సర్వే వాళ్లు వాటిని ఆన్‌లైన్‌లోకి ఎక్కిస్తున్నారు. పెద్దవాటి పని వాళ్లు చూసుకుంటారు. మన చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల బాటనీ డిపార్ట్‌మెంట్లలో బీరువాల్లో ఉన్న షీట్ల సంగతి ఎవరు చూస్తారు? పిన్ని వాళ్ల కాలేజీలో రెండు బీరువాలున్నాయి. ఒకదానికి తాళంచెవి పోయింది. రెండోదాంట్లో పురుగు పట్టకుండా పెట్టిన కలరా ఉండల వాసన. ఒక ఫోన్ స్టాండు, ఒక లైటు, శనివారాలు నలుగురు మనుషులుంటే ఒక సెమిస్టర్‌లో వాటన్నిటినీ ఫోటోలు తీసి లేబుళ్లు టైపు చేయొచ్చు. ఇది కోడింగ్ వాళ్ల పని.

తెలుగు క్లబ్ పని ఇంకోటి. పిన్ని వాడే ఇంగ్లిష్ ఫీల్డ్ ఫారానికి మూడు గడులు కలిపి నేనొకటి తయారుచేశాను. స్థానిక నామం తెలుగు లిపిలో, ఏ భాష, చెప్పినవారు. నాలుగో గడి కూడా పెట్టాను, ఆ పేరు ఎందుకొచ్చింది అని. తాత చెప్పిన పశువుల కథ అక్కడ ఉండాల్సింది. అక్షరదోషాలు మన ఎడిటర్ దిద్దారు, ఈ వ్యాసంలో లాగే.

ఆ తీగ షీటు ఇప్పుడు పిన్ని డిపార్ట్‌మెంట్‌లో తాళం ఉన్న బీరువాలో ఉంది. బాగా ఎండింది, ఒక ఆకు తిరగేసి ఉంది, అడుగున నూగు ఇంకా కనబడుతోంది. ఖాళీ గడి దగ్గర పిన్ని పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది, పేరు దొరికితే చెరిపేసి రాయడానికి.

సెమిస్టర్ పరీక్షలయ్యాక మళ్లీ వెళ్తున్నాం. తాత తిరిగి వచ్చాడని మనవడు మెసేజ్ పెట్టాడు. పర్మిషన్ లెటర్ మీద ఇంకో ఇద్దరి పేర్లకు చోటుంది, రావాలనుకునేవాళ్లు క్లబ్ గ్రూపులో చెప్పండి. రెయిన్‌కోటు, పాత న్యూస్‌పేపర్లు, రెండు పెన్సిళ్లు తెచ్చుకోండి. పెన్సిల్ బ్యాగు అడుగున పెట్టకండి.